వంక ఎటు పారుతుందో ఇల్లు కొనేవాళ్లకు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో అనంతపురం పేజీలు తిప్పితే రోజూ ఏదో ఒక కొత్త వెంచరు ప్రకటన కనిపిస్తుంది. 40 అడుగుల రోడ్లు, హైవేకి ఐదు నిమిషాలు, వంద శాతం వాస్తు, స్పాట్ రిజిస్ట్రేషన్, బ్యాంకు లోను. అన్నీ ఉంటాయి. అక్కడ పడిన వాన నీళ్లు ఎటు పోతాయి, పక్కన వంక ఉందా, ఆ వంక ఎప్పుడైనా పొంగిందా అన్నది మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ప్రకటనలో కూడా నేను చదవలేదు. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఇంగ్లాండులో నర్సు, అల్లుడు సాఫ్ట్‌వేర్. 2025 ఫిబ్రవరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా వాళ్ల దగ్గర ఉండి వచ్చాను. విజిటర్ వీసా మీద ఆరు నెలలే ఉండనిస్తారు, ఆ ఆరు నెలలూ వాళ్లు ఇల్లు వెతకడం, కొనడం చూస్తూనే గడిచిపోయాయి. వాళ్లు కొన్నది సిటీలో కాదు, వూస్టర్ అనే ఊరికి ఏడెనిమిది మైళ్ల దూరంలో పొలాల మధ్య ఉన్న ఒక చిన్న పల్లెలో. ఊరి పేరు రాయను, పిల్లలు అక్కడ ఉండాలి కదా.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. 1998లో మేము అనంతపురంలో నడిమివంక అనే వాగుకు దగ్గర్లో మూడు సెంట్ల స్థలం కొన్నాం. మా ఆయన ఒక్క కాగితం వదలకుండా చూశారు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పత్రం) తీయించారు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) తెలిసిన ప్లీడరుకు చూపించారు, సరిహద్దులు కొలిపించారు. అన్నీ బాగానే ఉన్నాయి. వంక అంటే అప్పటికి ముళ్లకంప పెరిగిన ఎండు కాలువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే ఊరు మనది, వంక పొంగేదేమిటి అనుకున్నాం. అమ్మినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. 2022 అక్టోబరులో ఒక రాత్రి మంచం కోళ్లు మునిగాక మెలకువ వచ్చింది. తెల్లారేసరికి నడుం దాకా నీళ్లు. బియ్యం, ఫ్రిజ్, పాప చిన్నప్పటి ఫొటోలు, నేను ముప్పై ఏళ్లుగా దాచుకున్న పాఠాల నోట్సు, అన్నీ బురద. నగరంలో వంక పక్క కాలనీలన్నీ అలాగే ఉన్నాయి. పెరుగుతున్న నీళ్లలో మా ఆయన చేయి పట్టుకుని మిద్దె ఎక్కిన క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరి అందదు.

ఇక ఇంగ్లాండు సంగతి. పిల్లలు పల్లె వైపు ఎందుకు చూశారంటే, సిటీలో అదే డబ్బుకు రెండు గదుల ఫ్లాటు వస్తే అక్కడ కొంచెం పెరడుతో మూడు పడక గదుల ఇల్లు వస్తుంది. పైగా ఆ ఫ్లాట్లు చాలావరకు లీజు మీద ఉంటాయట, నేల మనది కాదు, ఏటా సర్వీసు ఛార్జీలు కట్టాలి. పల్లెలో ఇల్లయితే నేలతో సహా మన సొంతం. అక్కడి మట్టి చూసి నేను ఆశ్చర్యపోయాను, మన వేరుశనగ చేల మాదిరే ఎర్రగా ఉంది. వాన కూడా మనం అనుకున్నంత కుంభవృష్టేమీ కాదు, ఆ ప్రాంతంలో ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు. కాకపోతే మనకు నాలుగు రోజుల్లో పడిపోయేది వాళ్లకు ఏడాది పొడుగునా తుంపరగా పడుతుంది. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి గట్టి వాన పడితే తాగడానికి దానికి చోటుండదు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఇల్లు చూశాం. పాత ఇటుకల ఇల్లు, వెనక పెరడు, పెరడు అంచున చిన్న వాగు. చీలమండ లోతు నీళ్లు గులకరాళ్ల మీద పారుతున్నాయి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఆ వాగు ఫొటోనే అన్నిటికంటే పెద్దగా వేశారు. పాపకు తెగ నచ్చింది. మార్చి 31 లోపు రిజిస్ట్రేషన్ అయితే మొదటి ఇల్లు కొనేవాళ్లకు 4,25,000 పౌండ్ల దాకా స్టాంపు డ్యూటీ లేదు, ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితి 3,00,000కు తగ్గుతుంది, కాబట్టి తొందరపడండి అని ఏజెంటు రోజూ ఫోన్. పిల్లలు ఆఫర్ పెట్టారు, అవతలివాళ్లు ఒప్పుకున్నారు.

నాకు మాత్రం ఆ వాగును చూసినప్పటి నుంచి నిద్ర పట్టలేదు. ఒకరోజు పాప డ్యూటీకి పోతూ నన్ను ఆ పల్లెలో దింపితే ఆ వీధిలో అటూ ఇటూ నడిచాను. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ పలకరించింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను, ఈ నీళ్లు ఎప్పుడైనా ఇంట్లోకి వచ్చాయా అని. ఆవిడ దాచకుండా చేయి మోకాలి దగ్గర పెట్టి చూపించింది, 2007 జులైలో ఇంత అని.

ఆ రాత్రి పాప ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి ఆ ఇంటి పోస్టుకోడు కొట్టింది. పైసా కట్టక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. నది వల్ల ప్రమాదం ఎంత, వాన నీరు నిలవడం వల్ల ఎంత అని ఏ అడ్రసు ఇస్తే ఆ చుట్టుపక్కలకు చెబుతుంది. ఈ ఇంటికి మధ్యస్థం అని వచ్చింది. అంటే ఏ ఏడాదైనా నీళ్లు వచ్చే అవకాశం నూటికి 1 నుంచి 3.3 దాకా. అల్లుడు "నూటికి మూడే కదా అత్తయ్యా" అన్నాడు. నేను కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. 30 ఏళ్ల లోను తీరేలోపు కనీసం ఒక్కసారైనా నీళ్లు వచ్చే అవకాశం ఒకటి చొప్పున అయితే నూటికి 26, మూడు పాయింట్ మూడు చొప్పున అయితే నూటికి 63. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

రెండు వారాలకు అమ్మేవాళ్లు నింపిన ఫారం లాయరు ద్వారా వచ్చింది. ఇదీ నేను మీ పాఠకులకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. అక్కడ ఇల్లు అమ్మేవాళ్లు ఒక పెద్ద ప్రశ్నాపత్రం నింపి సంతకం పెట్టి ఇస్తారు. సరిహద్దు కంచె ఎవరిది, పక్కవాళ్లతో గొడవలేమైనా ఉన్నాయా, ఇంట్లో ఏమేం మార్పులు చేశారు, వాటికి అనుమతి ఉందా, మురుగు ఎటు పోతుంది, ఇంట్లోకి ఎప్పుడైనా వరద వచ్చిందా. ఆ చివరి ప్రశ్న కింద వాళ్లు నిజాయితీగా 2007 అని రాశారు. అబద్ధం రాసి ఉంటే కొన్నాక కోర్టుకు ఈడ్చి నష్టపరిహారం అడగొచ్చు, దానికి 1967 నుంచి చట్టం ఉంది. ఇది కాక లాయరు అక్కడి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి, నీళ్ల కంపెనీ నుంచి విడిగా కాగితాలు తెప్పిస్తారు. రోడ్డు ఎవరిది, మురుగు పైపు ఎక్కడుంది, నేల కింద పాత చెత్త పూడ్చారా, ఆ ఇంటికి ఏ ఏ అనుమతులు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి.

పిల్లలు ఆ ఇల్లు వదులుకున్నారు. అప్పటికి లాయరుకు, తనిఖీకి కలిపి 1,500 పౌండ్ల దాకా పోయింది. బాధే. కానీ బయానా పోలేదు, ఎందుకంటే అసలు బయానా ఇవ్వలేదు. కాగితాలన్నీ వచ్చి, చదువుకుని, రెండు వైపులా ఒప్పందం మార్చుకునే రోజునే మామూలుగా పదో వంతు కడతారు. అప్పటిదాకా ఎవరైనా తప్పుకోవచ్చు. మన దగ్గర స్థలం చూసిన సాయంత్రమే బయానా తీసుకుని, ఆ తర్వాత కాగితాల జిరాక్సులు చేతిలో పెడతారు. తప్పుకుంటే బయానా మీద ఆశ వదులుకోవాల్సిందే.

అక్కడి పద్ధతి అంతా గొప్పదని నేను అనను. నెలల తరబడి సాగుతుంది. అమ్మేవాళ్లు ఇంకో ఇల్లు కొనుక్కోవాలి, ఆ ఇల్లు అమ్మేవాళ్లు ఇంకొకటి, ఇలా నాలుగైదు కుటుంబాలు గొలుసులా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఎక్కడో ఒకచోట ఒకరు వెనక్కి తగ్గితే అందరిదీ ఆగిపోతుంది. ఆఫర్ ఒప్పుకున్నాక కూడా ఎక్కువ ఇచ్చేవాళ్లు వస్తే అమ్మేవాళ్లు అటు తిరిగిపోవచ్చు, చట్టం ఏమీ అనదు. పాప ఆ నెలల్లో సరిగ్గా తిన్నది లేదు, అంత టెన్షన్.

ఏప్రిల్లో ఒక ఆదివారం వూస్టర్ తీసుకుపోయారు. పెద్ద చర్చి పక్కన సెవర్న్ నది ఒడ్డుకు దిగే పాత రాతి ద్వారం ఒకటుంది. దాని గోడ మీద వరదలు వచ్చిన సంవత్సరాలు, నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో గీతలు చెక్కి ఉన్నాయి. 1770 అని ఒకటి, 1947 అని ఒకటి, ఇంకా కొన్ని. నా తలకంటే పైన ఉన్న గీతను చూస్తూ నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. రెండు వందల యాభై ఏళ్ల కిందట వచ్చిన నీళ్లను ఆ ఊరు మర్చిపోకుండా రాతి మీద రాసుకుంది. మన ఊళ్లో 2022లో వచ్చిన నీళ్ల ఆనవాలు ఎక్కడుంది? గోడలకు సున్నం వేసుకున్నాం, టులెట్ బోర్డులు పెట్టుకున్నాం.

పిల్లలు చూసిన రెండో ఇల్లు పల్లె అంచున వాలు మీద ఉంది. వెబ్‌సైటులో చాలా తక్కువ ప్రమాదం అని వచ్చింది. ధర 3,20,000 పౌండ్లు. ఏప్రిల్ దాటింది కాబట్టి 3,00,000 పైన ఉన్న 20,000 మీద ఐదు శాతం, అంటే 1,000 పౌండ్ల స్టాంపు డ్యూటీ పడింది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం కడుతున్నాం, మరి అంత కట్టించుకుంటున్నప్పుడు కొనేవాడికి ఆ నేల గురించి నాలుగు మాటలు చెప్పడం న్యాయం కాదా?

పల్లె ఇల్లంటే ఎన్ని తెలుసుకోవాలో ఈ ఇంటి దగ్గరే అర్థమైంది. అక్కడ ఇంటి సర్వేయరు గొలుసు పట్టి భూమి కొలవడు, ఇంటిని డాక్టరు రోగిని చూసినట్టు చూస్తాడు. గోడల్లో చెమ్మ, పైకప్పు కర్రలు, ఆఖరికి పెరట్లో ఉన్న పెద్ద చెట్టు ఇంటికి ఎంత దూరంలో ఉందో కూడా రాశాడు. ఆ ఎర్ర బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది, చెట్టు వేళ్లు నీళ్లు లాగేస్తే పునాది కుంగుతుందట. ఆ పల్లెకు గ్యాసు పైపు లేదు, చలికాలం ఇల్లు వెచ్చబెట్టడానికి పెరట్లో ఆయిల్ ట్యాంకు ఉంది. ఊళ్లో వాళ్లు పది పదిహేను ఇళ్లు కలిసి ఒకేసారి ఆర్డరు పెడితే ధర తగ్గుతుందని పక్కింటి పెద్దాయన చెప్పాడు. మురుగుకు సెప్టిక్ ట్యాంకు. ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి వదలడం 2020 నుంచి కుదరదు, కాబట్టి అది ఎటు పోతుందో కాగితం చూపించమని లాయరు మూడుసార్లు రాశారు.

ఇంకో సంగతి. పెరటి పక్క నుంచి కాలిబాట ఒకటి పోతుంది, ఊళ్లో ఎవరైనా నడవొచ్చు, దాన్ని మూయడానికి వీల్లేదు. మా వియ్యంకులకు ఫోన్లో చెబితే కంగారుపడ్డారు, ఇంటి పక్కన రస్తా ఏమిటి, రేపు గొడవలు రావా అని. మన దగ్గర రస్తా తగాదాలు తలకాయలు పగిలేదాకా పోతాయి కాబట్టి ఆ భయం నాకు అర్థమైంది. అక్కడ అలాంటి బాటలను 1949 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ మ్యాపులో గీసి పెట్టారు, ఎవరు కొన్నా బాట బాటే. కొనేముందే తెలిసిన రస్తాతో గొడవ రాదు.

అక్కడ బతకడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ ఊళ్లవైపు చూస్తున్నారు. ఫొటోల్లో కనిపించే పచ్చదనం నిజమే. మే నెలలో కంచెల నిండా తెల్లటి పూలు, జూన్లో రాత్రి పదింటి దాకా వెలుతురు. కానీ ఆ నిశ్శబ్దానికి మనిషి అలవాటు పడాలి. మొదటి వారం నేను కుక్కరు పెట్టాలంటే జంకాను, ఆ విజిల్ ఊరంతా వినిపిస్తుందేమో అనిపించి. బస్సు రెండు గంటలకొకటి, ఆదివారం అదీ లేదు. పాలకైనా మందులకైనా కారు తీయాలి. కరివేపాకు, జొన్నపిండి కావాలంటే సిటీకి పోవాలి. పాప నైట్ డ్యూటీ నుంచి తెల్లవారుజామున దీపాలు లేని సన్నటి రోడ్డు మీద కారు నడుపుకుంటూ వస్తుంటే, ఏ జింక అడ్డం వస్తుందో అని నేను కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊరికి పోయిన రోజు ఆ చీకట్లో పిల్ల ఒక్కతే ఉండాలి. పల్లెలో ఇల్లు చవక అని సంబరపడే తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లలతో ముందే మాట్లాడుకోవాలి.

మనుషులు మాత్రం మంచివాళ్లు. మనలాగా చనువుగా ఇంట్లోకి రారు, గేటు దగ్గరే నిలబడి మాట్లాడతారు. మేము చేరిన మూడో రోజు పక్కింటివాళ్లు ఆరు గుడ్లు తెచ్చి గడప మీద పెట్టి పోయారు. నేను అలసంద వడలు ఇచ్చాను, మర్నాడు గిన్నె కడిగి అందులో పండ్లు వేసి తిరిగి ఇచ్చారు, ఖాళీ గిన్నె ఇవ్వకూడదన్న పద్ధతి వాళ్లకూ ఉందేమో.

ఎదురుగా ఉన్న పొలంలో ఇళ్లు కట్టడానికి ఎవరో దరఖాస్తు పెట్టారు. స్తంభానికి నోటీసు కట్టారు, ప్లాను మొత్తం కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంది, మూడు వారాల్లో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. ఊరివాళ్లు హాల్లో కూడారు, నేనూ పోయి వెనక కూర్చున్నాను. సగం మంది మాట వాన నీళ్ల గురించే, ఈ పొలం మీద కాంక్రీటు పోస్తే ఇది తాగే నీళ్లు కింద ఎవరి ఇంట్లోకి పోతాయి అని. మిగతా సగం మంది కొత్త ఇళ్లు అంటేనే వద్దనేవాళ్లు, అది నాకు నచ్చలేదు, వాళ్ల ఊరి కుర్రవాళ్లకే ఇళ్లు దొరకడం లేదు. అయినా ఆ నీళ్ల ప్రశ్న సరైన ప్రశ్న. అక్కడ వరదకు ఇంటి బీమా అందుబాటులో ఉండేలా 2016లో ఒక పథకం పెట్టారు, 2009 నుంచి కట్టిన ఇళ్లకు అది వర్తించదు. నీళ్లు వచ్చేచోట కొత్తగా కట్టడాన్ని ప్రోత్సహించకూడదని అలా చేశారు.

జులై మధ్యలో తాళాలు చేతికొచ్చాయి. ఆషాఢం కాబట్టి సామాన్లు మాత్రం పెట్టి, శ్రావణం రాగానే పాలు పొంగించి నేను తిరిగొచ్చాను.

ఇప్పుడు నేను అడిగేది. మన గ్రామ నక్షాల్లో, ఎఫ్‌ఎంబీల్లో (సర్వే కొలతల పుస్తకాల్లో) వంకలన్నీ గీసే ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టరులో వంక పోరంబోకు అని సర్వే నంబరుతో సహా రాసి ఉంటుంది. ఈసీ ఇప్పుడు ఆన్‌లైన్లో వస్తోంది, సంతోషమే, కానీ అందులో అమ్మకాలు, తాకట్లు తెలుస్తాయి, నీళ్ల సంగతి తెలియదు. స్థలం పక్కన వంక గానీ చెరువు గానీ ఎంత దూరంలో ఉంది, ఇంట్లోకి నీళ్లు వచ్చాయా, వస్తే ఏ సంవత్సరం, ఎంత ఎత్తు, ఈ మూడు ప్రశ్నలకు అమ్మేవాళ్లు సంతకం పెట్టి జవాబివ్వాలని, అది దస్తావేజుకు జత చేయాలని ప్రభుత్వం ఒక నియమం పెట్టొచ్చు. ఇది ఒక్క అనంతపురం బాధ కాదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక కడపలో ఇళ్లలోకి వచ్చింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పక్క ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. కరువు సీమ అని మనకు మనం చెప్పుకుంటూ నీళ్ల దారిలో ఇళ్లు కట్టుకుంటున్నాం.

మీ పత్రికను కూడా ఒకటి అడుగుతున్నాను. వెంచరు ప్రకటన తీసుకునేటప్పుడు వంకకు ఎంత దూరమో ఒక్క లైను వేయమనండి. హైవేకి ఎంత దూరమో వేస్తున్నారు కదా.

నా వంతుగా ఒక పని చేశాను. ఇంటికి వచ్చిన వారానికి పెయింటరును పిలిచి మా వీధి గోడ మీద 2022లో నీళ్లు వచ్చిన ఎత్తులో ఎర్ర గీత గీయించి, కింద నెల, సంవత్సరం రాయించాను. రెండిళ్ల అవతల ఉండే ఆయన వచ్చి, "టీచరమ్మా, మా ఇల్లు బేరంలో ఉంది, ఈ గీత చూస్తే రేటు పడిపోతుంది, చెరిపేయండి" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు, కూతురి పెళ్లికి డబ్బు కావాలి. నేను చెరపలేదు. ఆయన ఇల్లు చూడటానికి రేపు వచ్చేది కూడా ఒక కూతురున్న తండ్రే అయి ఉంటాడు. నడిమివంక మీద ఉన్న ప్రతి బ్రిడ్జి గోడ మీదా ఇలాంటి గీత గీయించమని కార్పొరేషన్‌కు అర్జీ రాసి పెట్టుకున్నాను. మా వీధిలో ఇప్పటికి పదకొండు మంది సంతకం పెట్టారు. వంక పక్క కాలనీల వాళ్లు ఇంకెవరైనా సంతకం పెడతామంటే సోమవారం ఉదయం పదింటికి అర్జీల రోజున కలెక్టరేట్ గేటు దగ్గరికి రమ్మనండి, నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
అనంతపురం